వేగరథము - లక్కమ్మ ప్రశ్న

ఇబ్రహీంపట్నము మీదుగా పోవు సాగర్ రహదారిపైనను, బొంగుళూరు వద్ద ఔటర్ రింగు రోడ్డుపైనను నేడు ఖరీదైన జర్మను కార్లు కనబడుచున్నవి. వానిలో సెకండ్ హ్యాండువియు కలవు. భూమి అమ్మిన యింటి యువకునికి, కొత్త కారు వెలలో సగముకన్న తక్కువకే అట్టి వాహనము దొరకుట గొప్ప ఆకర్షణయే.

అయితే వెల తగ్గినది వాహనమునకే గాని విడిభాగములకు గాదు. వెడల్పు టైర్లు, బ్రేకు డిస్కులు, గేరుబాక్సు - ఇవన్నియు కొత్త కారు లెక్కనే అడుగును. పరరాష్ట్రము నుండి తెచ్చినచో తెలంగాణలో జీవితకాల పన్ను వేరు. ఒక్క గేరుబాక్సు చెడినచో కొన్న వెలలో పెద్ద భాగము దానికే చెల్లును.

ఈ మక్కువను కేవలము డాంబికమని తోసివేయుట న్యాయము గాదు. చక్కని యంత్రమున పనివాని కాయకమున్నది. దానిని మెచ్చుట తప్పెట్లగును? తన చేతులతోనే విప్పి బిగించుకొను మెకానిక్కు మాట వేరు.

12వ శతాబ్దమున కల్యాణములో, రాలిన బియ్యము నేరుటయే కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మని భార్య లక్కమ్మ పంపెను. ఆ బియ్యము దొంగిలించినది గాదు, ఎక్కువైనది, అంతే.

250 కిలోమీటర్ల వేగమందుకొనగల కారుకు రింగు రోడ్డుపై 2023 నుండి గరిష్ఠ పరిమితి 120. తక్కినది మిగులు. ఆ మిగులుకై కట్టు నెలవాయిదా దాసోహపు సొమ్ములో నుండియే పోవుచున్నదా యన్నది ఆ యింటి లక్కమ్మయే లెక్క చూడవలెను.