పిల్ల తయారైందా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేసింది. బాగున్నారా, తిన్నారా అన్న మాటలేమీ లేకుండా, "అక్కా, నువ్వు కథలు రాస్తవు గదా, ఆ కోచ్ సార్‌తోటి జర మంచిగ మాట్లాడరాదే!" అంది. నేను రచయిత్రినని దానికి గుర్తొచ్చేది ఇలాంటి పనులు పడ్డప్పుడే.

సంగతేమిటంటే, దాని కూతురు బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పదిహేనేళ్ళ పిల్ల. జట్టులో చేరి నాలుగు నెలలైందో లేదో, కోచ్ దాన్ని పెద్దపిల్లల మధ్య మ్యాచ్‌లో చివరి అయిదు నిమిషాలు దింపాడట. బంతి చేతికొచ్చిన రెండుసార్లూ ఎదుటి జట్టువాళ్ళు లాగేసుకున్నారు. మూడోసారి కంగారులో తనే వాళ్ళ పిల్లకి అందించింది. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఇంటికొచ్చి గది తలుపేసుకుని అన్నం ముట్టలేదు.

"దానికి ఇంకా ఏం రాదక్కా. తయారు గాకముందే దింపుతె పిల్ల మనసు ఇరగదా? ఇంకో ఏడాది కూసోబెట్టి నేర్పియ్యమని చెప్పు."

సరేనన్నాను. కాని ఫోన్ పెట్టేశాక, పొయ్యిమీద పోపు మాడుతున్న వాసన వస్తున్నా లేవబుద్ధి కాలేదు. 'ఇంకో ఏడాది' అన్న మాట నేనూ ఒకప్పుడు విన్నదే.

పాతికేళ్ళ కిందట కరీంనగర్‌లో బి.ఏ. చదువుతున్న రోజులు. అప్పట్లో మా రెండు జిల్లాల కాలేజీలూ కాకతీయ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. కాలేజీల పోటీలు ఆదిలాబాద్‌లో పెట్టారు. డిసెంబరు నెల. ఆదిలాబాద్ చలి ఎలాంటిదో తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డెక్కేసరికి పన్నెండుమందిమీ ఒకరి శాలువాలో ఒకరం దూరి కూర్చున్నాం. ఆ మూడు రోజులూ అక్కడ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటారా? నీళ్ళ సీసాలు అందించడం, నిమ్మచెక్కలు కోసి పంచడం, ఆడేవాళ్ళ గాజులూ కమ్మలూ గడియారాలూ నా రుమాల్లో మూటగట్టి కాపలా కాయడం! ఆఖరి మ్యాచ్‌లో ఎలాగూ ఓడిపోతున్నామని తేలిపోయాక ఆశగా మేడం వైపు చూశాను. "నువ్వింకా తయారు కాలేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారావిడ, చాలా ప్రేమగానే. వచ్చే ఏడాదికి నాకు పెళ్ళయిపోయింది.

పెళ్ళికి తయారుగా ఉన్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు సుమా! అత్తవారింట్లో పద్దెనిమిదిమందికి వండమన్నప్పుడూ అడగలేదు. మొదటిరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మామగారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మారుమాట్లాడకుండా మజ్జిగ పోయించుకుని తిని లేచారు. మర్నాడు కూడా నన్నే వండమన్నారు. వంటకీ, పురుటికీ, ముసలివాళ్ళ మంచం పక్కన రాత్రుళ్ళు మేలుకోవడానికీ ఆడపిల్ల ఎప్పుడూ తయారే. బంతి పట్టుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది కావాలి.

అలాగని మా చెల్లెలి భయం పిచ్చిదని కొట్టిపారేయలేను. హకీంపేటలో ఉన్నది కాక, మన కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ప్రాంతీయ క్రీడా పాఠశాలలున్నాయి. నాలుగో తరగతిలోనే పిల్లల్ని చేర్చుకుంటారు. అంత పసివాళ్ళని వదిలి వెనక్కి తిరిగే తల్లి, నా బిడ్డ తట్టుకుంటుందా అని అనుకోకుండా ఉంటుందా?

మా అబ్బాయికి అమెరికా బాస్కెట్‌బాల్ పిచ్చి. వాడి పుణ్యమా అని ఆ కథలు కొన్ని నాకూ ఒంటబట్టాయి. అక్కడా ఇదే రభస, కాకపోతే కోట్ల డాలర్ల మీద. 2001లో వాషింగ్టన్ జట్టు క్వామే బ్రౌన్ అనే కుర్రాణ్ణి హైస్కూలు నుంచి నేరుగా, దేశం మొత్తానికీ మొదటి ఎంపికగా తీసుకుంది. ఎంచినవాడు సామాన్యుడు కాడు, మైకేల్ జోర్డాన్. కుర్రాడు ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఆడాడు, అయినా అనుకున్నంతవాడు కాలేదన్న ఎగతాళి అతని వెంటే నడిచింది. 2005లో నియమం మార్చేశారు. పందొమ్మిదేళ్ళు రావాలి, అమెరికా పిల్లలైతే స్కూలు వదిలి ఏడాది గడవాలి. ఆడపిల్ల పెళ్ళికి చట్టం వయసు పెట్టినట్టే ఇదీను. వయసు లెక్క తేలింది, తయారైందీ లేనిదీ ఎప్పటిలాగే మిగిలిపోయింది.

మన పంజాబు రైతుబిడ్డ సత్నామ్ సింగ్ సంగతే చూడండి. ఏడడుగుల రెండంగుళాల మనిషి. 2015లో డల్లాస్ జట్టు యాభైరెండో ఎంపికగా తీసుకుంటే, ఆ లీగుకి ఎంపికైన తొలి భారతీయుడని దేశమంతా మురిసిపోయింది. చిన్న లీగులో కొన్నాళ్ళు ఆడాడు గాని, అసలు లీగు సీజన్‌లో ఒక్క నిమిషమైనా బరిలోకి దిగకుండానే ఆ అధ్యాయం ముగిసిపోయింది. తర్వాత కుస్తీ ప్రదర్శనల్లోకి వెళ్ళాడు. దింపి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? రుమాల్లో గాజులు మూటగట్టుకు కూర్చున్నదాన్ని కనుక నాకు అతనంటే ఓ పిసరు ఎక్కువ జాలి.

వీళ్ళందరి కథలకన్నా నన్ను వదలనిది కోబీ బ్రయంట్ కథ. స్కూలు నుంచి తిన్నగా లాస్ ఏంజెలస్ జట్టులో చేరిన కుర్రాడు. 1997 మే 12న యూటా జట్టుతో చావోరేవో తేల్చుకునే మ్యాచ్. పెద్ద ఆటగాడు షకీల్ ఓనీల్ ఫౌళ్ళు నిండి బయటికెళ్ళిపోయాడు. సమానంగా ఉన్న ఆటలో ఆఖరి బంతిని కోచ్ డెల్ హారిస్ ఈ పద్దెనిమిదేళ్ళవాడి చేతిలో పెట్టాడు. అప్పుడూ, అదనపు సమయంలోనూ కలిపి నాలుగుసార్లు విసిరితే నాలుగూ బుట్ట అంచునైనా తాకలేదు. జట్టు ఓడింది, ఆ ఏటికి ఇంటిదారి పట్టింది. అప్పుడు ఓనీల్ వచ్చి కుర్రాడి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ క్షణంలో బంతి విసిరే ధైర్యం ఉన్నది ఇతనొక్కడికేనని తర్వాత కూడా చెప్పాడు. అదే కుర్రాడు ఆ జట్టుకి అయిదుసార్లు ఛాంపియన్‌షిప్ గెలిచిపెట్టాడు. 2020లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు గాని, నేను చెబుతున్నది ఆ నాలుగు బంతుల గురించే. ఆ రాత్రికి అతను తయారైనట్టా, కానట్టా?

మన మిథాలీ రాజ్‌ని 1997 ప్రపంచకప్‌కి పద్నాలుగేళ్ళ వయసులో పరిశీలనకి పిలిచి, ఆఖరి జట్టులోకి తీసుకోలేదు. 1999లో ఇంగ్లండులో, ఐర్లండు మీద ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఆపడం మంచిదైందని ఒకరంటారు, రెండేళ్ళు దండగ అయ్యాయని ఇంకొకరంటారు. ఇక మన పొరుగునే నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి గుట్ట మీదా డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ శిక్షణ ఇచ్చే పంపారు, నిజమే. కాని ఆ పిల్ల తిరిగి రాకపోయి ఉంటే, పంపినవాళ్ళని మనం బతకనిచ్చేవాళ్ళమా?

అందుకే నాకనిపిస్తుంది, తయారయ్యావా అని పిల్లని అడిగే ముందు దింపే పెద్దల్ని అడగాలి. అది బంతి జారవిడిస్తే, ఆ ఓటమిలో సగం మోయడానికి మీరు తయారా అని. మా మామగారు తయారే. ఉప్పు పప్పు తిన్నారు.

ఈ ఆలోచనలన్నీ కూడగట్టుకుని సాయంత్రం కోచ్‌కి ఫోన్ చేశాను. ఆయనా ఏదో ఇలాంటి ధర్మసూక్ష్మమే చెబుతాడనుకున్నాను. ఆయన మాత్రం, "ఏం చెయ్యాలమ్మా, ఇద్దరు పిల్లలకు అయిదు ఫౌళ్ళైనయి, ఒకామెకు కాలు మడతపడ్డది. బెంచి మీద ఈమె తప్ప ఎవ్వరు లేరు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుని, "మ్యాచ్ అయిపోయాక పిల్లతో ఏమన్నారు సార్?" అని అడిగాను.

కాసేపు పలకలేదు. "ఏమనలేదమ్మా. బస్సుకు టైమైంది."

ఇంకో ఏడాది కూర్చోబెట్టమని నేను చెప్పలేదు. రేపు పిల్ల వస్తే ఓ మాట మాట్లాడండి చాలునన్నాను. చెల్లెలికి మాత్రం, మాట్లాడానని చెప్పి ఊరుకున్నాను. అబద్ధమేం కాదుగదా!

గురువారం రాత్రి పిల్లే ఫోన్ చేసింది, గుసగుసగా. "పెద్దమ్మా, శనివారం మళ్ల మ్యాచున్నది. సార్ నా పేరు రాసిండు. అమ్మకు చెప్పకు. నువ్వు వస్తవా?"

కరీంనగర్ నుంచి పొద్దున్నే ఆదిలాబాద్ బస్సు ఎన్నింటికుందో కనుక్కోవాలి.