ఉంగరానికి ఏ రాయి?

మా నిశ్చితార్థం ఇంకా నెల రోజులుందనగా, శంషాబాద్‌లో కాబోయే అత్తగారి వంటింట్లో కూర్చుని ఒక మాట అన్నాను. "ఉంగరంలో వజ్రం వద్దత్తమ్మా, పులికన్ను రాయి పెట్టించుకుంటా." ఆమె ఏమీ అనలేదు. నానబెట్టిన చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. ఇంటి మీదుగా ఒక విమానం దిగుతూ వెళ్లింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, "అగ్గువ రాయి గదా బిడ్డా" అంది.

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లొచ్చి, సాహిత్యంలో డాక్టరేట్ చేసి, పదేళ్లుగా స్త్రీల గురించి రాస్తున్నదాన్ని, జవాబులకేం తక్కువ!

మొదటిది శకుంతల. మహాభారతంలోని శకుంతల దగ్గర ఏ ఉంగరమూ లేదు. కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వచ్చి, తన మాట మీద తాను నిలబడి వాదిస్తుంది. కాళిదాసు శకుంతల చేతికి ఉంగరం వచ్చింది. అది నీళ్లలో జారిపోగానే ఆమె మాటకు విలువ కూడా పోయింది. స్త్రీ సత్యానికి ఒక వస్తువు సాక్ష్యం చెప్పాల్సి రావడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

రెండోది వజ్రం. మన పెళ్లిళ్లలో ఉంగరమంటే బిందెలో చేతులు పెట్టి ఇద్దరూ నవ్వుతూ వెతుక్కునే ఆట. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం ఉండి తీరాలనడం మనకు నిన్నమొన్న వచ్చింది. 'వజ్రం శాశ్వతం' అన్న అర్థమిచ్చే ప్రకటన వాక్యాన్ని 1947లో డి బీర్స్ కంపెనీ కోసం రాసింది ఫ్రాన్సెస్ జెరటీ అనే ఆమె. తాను మాత్రం జీవితాంతం పెళ్లి చేసుకోలేదు. ఇక గోల్కొండ వజ్రాల వైభవం వెనకకు వెళితే, 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసిన టావెర్నియె అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారట. ఆ వజ్రాలు ఎవరెవరి కిరీటాల్లోకి వెళ్లాయో చరిత్ర చెప్తుంది. మట్టి మోసినవాళ్ల పేరు ఒక్కటీ చెప్పదు.

అందుకని పులికన్ను. చార్మినార్ దగ్గర ఒక చిన్న దుకాణంలో చూశాం, నేనూ అతనూ. గోధుమరంగు రాయిలో బంగారు గీత ఒకటి, వేలు కదిపితే అదీ కదులుతుంది. ధర వందల్లోనే. ఎవరి కన్నీళ్లూ అంటని రాయి అనుకున్నాను.

ఆ ధీమా వారం కూడా నిలవలేదు. దేన్నయినా చదివి తెలుసుకోకుండా ఉండలేని జబ్బు మనది కదా! పులికన్ను క్వార్ట్జ్ జాతి రాయి. లోపల ఒకే దిక్కుకు పరుచుకున్న సన్నని నారపోగుల వల్ల ఆ గీత మెరుస్తుంది. ఆ నార మొదట క్రోసిడొలైట్, అంటే నీలి ఆస్బెస్టాస్. అందులోని ఇనుము మారి మారి నీలం కాస్తా బంగారు గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ రాయికి పేరుపడ్డ చోటు దక్షిణాఫ్రికాలోని నార్తర్న్ కేప్. వజ్రాల కింబర్లీ కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది. నేను వజ్రం నుంచి పారిపోయి దాని పొరుగింటికే చేరానన్నమాట.

ఆ రాష్ట్రంలో ప్రీస్కా అనే ఊరి చుట్టుపక్కల ఆస్బెస్టాస్ గనులుండేవి. రాతిని సుత్తితో కొట్టి నారను వేరు చేసే పని ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ చేసేవారు. 1960లో వాగ్నర్, ఆయన సహచరులు 33 మంది రోగుల వివరాలతో ఒక పత్రం ప్రచురించారు. మెసోథెలియోమా అనే క్యాన్సర్‌కీ ఈ నీలి నారకీ ఉన్న సంబంధం దానితో బయటపడింది. ఆ రోగుల్లో గనిలో ఎన్నడూ పనిచేయకుండా, ఆ గాలి పీల్చి బతికినవాళ్లూ ఉన్నారు. 3,000 మందికి పైగా బాధితులు కేప్ కంపెనీ మీద ఇంగ్లండ్ కోర్టుల్లోనే దావా నడుపుకోవచ్చని 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. దక్షిణాఫ్రికా ఆస్బెస్టాస్‌ను నిషేధించింది 2008లో.

నేను చూసిన రాయి ఆ గనులదేనని అనడం లేదు. నునుపు చేసిన రాయి పెట్టుకునేవారికి ప్రమాదమూ లేదు. దుమ్ము కోసేవాళ్లకీ సానబట్టేవాళ్లకీ మిగులుతుంది. మన ఖంభాత్‌లో అకీకు రాళ్లు అరగదీసేవాళ్లను సిలికోసిస్ తినేస్తున్న సంగతి తెలిసిందే. మరి నేను వెతుక్కుంటూ వెళ్లిన నిర్దోషమైన రాయి ఎక్కడుంది?

ఇదంతా అత్తమ్మకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, పైకప్పు వైపు చూసి, "మన రేకులు గూడ గసొంటివేనా?" అంది. ఆ సిమెంటు రేకుల్లో ఉండేది తెల్ల ఆస్బెస్టాస్, జాతి వేరు, అదీ మంచిది కాదు అని చెప్తుంటే నా గొంతు నాకే తగ్గినట్టనిపించింది. రాయి గురించి వారమంతా చదివినదాన్ని ఒక్కసారీ తలెత్తి ఆ వంటింటి కప్పు చూడలేదు.

అప్పుడు చెప్పింది ఆమె. విమానాశ్రయం కోసం సేకరించిన దాదాపు 5,500 ఎకరాల్లో వాళ్ల నాలుగెకరాల చెల్క కూడా ఉంది. 2008 మార్చిలో విమానాలు మొదలయ్యేసరికే ఆ డబ్బు కరిగిపోయింది. "కలుపు దీసింది నేను, కోత గోసింది నేను. చెక్కు మీద పేరు మీ మామది. ఇల్లయింది, ఆడపిల్ల పెండ్లయింది, ఒడిసిపోయినయి. గీ పైసలు నేను చిట్టీలేసి దాసుకున్నయి. ఎవ్వల్ని అడగకుంట నేను అనుకున్న పని గిదొక్కటే బిడ్డా, నీ ఏలికి ఉంగరం."

మా అమ్మమ్మ మడి కట్టుకునేది. తడిబట్టతో, ఎవరూ తాకకుండా, వంటింట్లో ఒక్కతే తిరిగేది. దాన్ని వెక్కిరిస్తూ పెరిగాను. కులాంతర వివాహం చేసుకుంటున్నానని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఆ రోజు మాత్రం నా రాయి ఎంపిక కొత్తరకం మడిలా కనిపించింది. ఏ రక్తమూ, ఏ మట్టీ నన్ను తాకకూడదనుకున్నాను. ఆ తాపత్రయంలో ఎదురుగా కూర్చున్న స్త్రీ కూడా ఒక నిర్ణయం తీసుకుందనీ, బహుశా తన జీవితంలో అదే మొదటిదనీ నాకు తట్టలేదు.

అలాగని వజ్రానికి ఒప్పుకోలేదు. అత్త పెట్టే నగలో ప్రేమతో పాటు కోడల్ని ఇంటికి కట్టేసే ముడి కూడా ఉండొచ్చు. ఆ అనుమానం నాకిప్పటికీ పోలేదు. అయితే అనుమానపడే ముందు ఆమెను అడగాల్సింది. నిర్దోషమైన వస్తువు దొరకని లోకంలో ఒక్క రాయిని వదిలేసినంత మాత్రాన మనకు విముక్తి లేదు. ఆ రాయి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకుని, అడిగినవాళ్లకు దాచకుండా చెప్పడం మన బాధ్యత. పక్కనున్న మనిషి విషయంలో ఆ బాధ్యత ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆమె గురించి తెలుసుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు.

మళ్లీ చార్మినార్ వెళ్లాం, ఈసారి ఆమె కూడా వచ్చింది. దుకాణదారు పళ్లెం నిండా పులికన్ను రాళ్లు పోశాడు. వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే చూసి, చివరికి ఎర్రగా తిరిగిన ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇది మా చెల్క లెక్కున్నది" అంది. వెండిలో పొదిగించాం. రెండోది అలాంటిదే ఏరి అతనికి.

చిట్టీ డబ్బు ఆమె దగ్గరే ఉంది. రేకులు మార్పించుకో అంటాను నేను. ఆమె ఇంకా ఏమీ తేల్చలేదు.