నమ్మనివాళ్లు పెద్దలకు పెట్టవచ్చా?

చనిపోయినవాళ్లు వచ్చి తింటారని నమ్మనివాళ్లు, ఆ పోయినవాళ్ల ముందు అన్నం పెట్టవచ్చా? పెడితే అది అబద్ధమాడినట్టు అవుతుందా? జపాన్‌లో చదువు ముగించుకుని ఇంటికి వచ్చినప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. పుస్తకాల్లో దొరికింది కాదు. మా నాన్న నా ముందు పెట్టిన ప్రశ్న.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం తెనాలిలోనే ఉండేది. గోరా నాస్తిక కేంద్రం విజయవాడలో ఉంది. ఆ ఇద్దరినీ చదువుకుని ఎదిగిన మనిషి నాన్న. ఆయన పెళ్లికి ముహూర్తం పెట్టలేదు, మా ఇంటికి గృహప్రవేశం చేయలేదు. పితృకార్యాల మీద ఆయన వాదం సూటిగా ఉంటుంది. వాల్మీకి రామాయణంలో జాబాలి రాముడి ముందు చేసిన వాదమే అది: ఇక్కడ ఒకరు తింటే ఎక్కడో ఉన్నవాళ్ల కడుపు నిండేటట్టయితే ఊరెళ్లేవాడికి దారిబత్తెం కట్టివ్వడం దేనికి? అతని పేరు చెప్పి ఇంటి దగ్గర ఎవరికో పెడితే సరిపోదా? కాకులకు పిండాలు పెట్టడం మీద వేమన విసిరిన విసుర్లు కూడా నాన్నకు కంఠతా వచ్చు.

అదే ఇంట్లో నాయనమ్మ ఉండేది. ఏటా సంక్రాంతి నాడు తాతయ్య ఫొటో దించి, తుడిచి, బొట్టు పెట్టి, దాని ముందు కొత్త పంచె, కండువా ఉంచేది. అరిటాకులో గారెలు, అరిసెలు, పులిహోర, పరమాన్నం వడ్డించి సాంబ్రాణి వేసేది. పురోహితుడు లేడు, మంత్రం లేదు. కాసేపయ్యాక ఆ పంచె తీసి బాబాయికి కట్టుకోమని ఇచ్చేది. నాన్న అడ్డు చెప్పేవాడు కాదు, ఆ గదిలోకి వచ్చేవాడూ కాదు.

నేను సెండాయ్‌లో, తొహోకు విశ్వవిద్యాలయంలో చదువుతుండగా నాయనమ్మ పోయింది. నాన్న దహనం చేయించి, బంధువులను పిలిచి సంస్మరణ సభ పెట్టాడు. కర్మకాండ ఏదీ చేయలేదు. అమ్మ నమ్మింది కదా, ఆమె కోసమైనా చేయాల్సిందని బాబాయి అలిగి మాట్లాడటం మానేశాడు. ఆ రోజుల్లో ఫోన్‌లో నాన్న నాతో ఒక మాటన్నాడు: "నమ్మకుండా చేస్తే మా అమ్మ ముందు నాటకం ఆడినట్టేనమ్మా. ఉన్నంతకాలం ఆమెతో అబద్ధం ఆడలేదు. పోయాక ఆడమంటావా?"

తేలిగ్గా తీసెయ్యదగిన మాట కాదిది. తల్లి మీద ప్రేమా, నిజం మీద గౌరవమూ రెండూ అందులో ఉన్నాయి. అయితే దాని అడుగున ఒక లెక్క కూడా ఉంది. ఆస్తికులు నమ్మి చెయ్యమంటారు. నాస్తికులు నమ్మం కాబట్టి చెయ్యం అంటారు. ముందు నమ్మకం, దాని వెనక కర్మ అన్న వరసను మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. జపాన్‌లో నేను చూసిన మనుషులు ఈ వరసలో బతకడం లేదు.

సర్వేల్లో అడిగితే జపనీయుల్లో ఎక్కువమంది తమకు మతం లేదనే చెబుతారు. ఆ మనుషులే కొత్త సంవత్సరం నాడు గుడికి వెళతారు. ఆగస్టు నడుమ, పెద్దలను తలుచుకునే ఒబోన్ రోజుల్లో సొంతూళ్లకు వెళ్లి సమాధులు కడుగుతారు. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. 2011 మార్చి 11 సునామీలో యురిఅగే తీరాన ఆమె తమ్ముడు కొట్టుకుపోయాడు. ఆమె ముందుగదిలో బుత్సుదాన్ ఉండేది. తలుపులున్న చిన్న చెక్క మందిరం అది. లోపల చనిపోయినవాళ్ల పేర్లు రాసిన నల్ల పలకలు ఉంటాయి. పొద్దున్నే కుక్కర్ మూత తీయగానే మొదటి ముద్ద చిన్న గిన్నెలో అక్కడికి వెళ్లేది. ఒబోన్ వస్తే కీరదోసకు పుల్లలు గుచ్చి గుర్రాన్ని, వంకాయకు గుచ్చి ఆవును చేసేది. పోయినవాళ్లు గుర్రమెక్కి తొందరగా రావాలని, ఆవు మీద నిదానంగా తిరిగి వెళ్లాలని అక్కడి ఆచారం.

"తమ్ముడు నిజంగా వస్తాడా?" అని ఒకసారి అడిగాను. "వాడు వస్తాడో రాడో నాకేం తెలుసు? పదమూడో తేదీ మాత్రం వస్తుంది కదా," అంది.

నా ప్రశ్న చావు తర్వాతి ఉనికి గురించి. ఆమె జవాబు తన పని గురించి. ఒబోన్ మొదలయ్యే ఆ తేదీకి చేయాల్సిన పని ఒకటుంది, అది తనది, చేయకుండా ఉండలేదు. తమ్ముడు ఎక్కడున్నాడో తేల్చుకున్నాకే గిన్నెలో అన్నం పెట్టాలని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

సైన్సు చదివినవాళ్ల మధ్య కూడా ఇదే చూశాను. జీవశాస్త్ర, వైద్య పరిశోధనలు జరిగే జపాన్ విశ్వవిద్యాలయాల్లో, ప్రయోగాల కోసం చంపిన జంతువులకు ఏటా సంస్మరణ జరపడం మామూలు. ప్రొఫెసర్లు, విద్యార్థులు పూలు పెట్టి తల వంచి నిలబడతారు. ఎలుకల ఆత్మలు ఎక్కడికో చేరతాయని వాళ్లు ఏ పరిశోధనా వ్యాసంలోనూ రాయరు. తాము తెలుసుకున్నదానికి ఇంకో ప్రాణం మూల్యం చెల్లించిందని ఒప్పుకోవడానికి వాళ్లకు ఒక రోజు కావాలి, పదిమందీ కలిసి నిలబడే చోటు కావాలి.

ఇవాతె ప్రిఫెక్చర్‌లోని ఒత్సుచి ఊళ్లో ససాకి ఇతారు అనే ఆయన 2010లో, దగ్గరి బంధువు ఒకరు పోతున్న రోజుల్లో, తన తోటలో ఒక ఫోన్ బూత్ పెట్టుకున్నాడు. అందులో ఉన్నది ఏ లైనుకూ కలపని నల్ల ఫోను. సునామీ తర్వాత వేలమంది వచ్చి ఆ ఫోన్‌లో తమవాళ్లతో మాట్లాడారు. లైను లేదని బూత్‌లోకి అడుగుపెట్టే ప్రతి మనిషికీ తెలుసు. నాన్న లెక్కన చూస్తే వాళ్లంతా నాటకం ఆడుతున్నట్టు. కొట్టుకుపోయిన బిడ్డతో మాట్లాడే తల్లిని చూసి ఆ మాట అనగలమా?

ఇది జపాన్ వాళ్ల మనస్తత్వంలే అని సరిపెట్టుకోవడానికి లేదు. వేదకర్మల శాస్త్రమైన పూర్వమీమాంసలో భాష్యకారుడు శబరస్వామి, దేవతలకు ఒళ్లు ఉంటుందని, వచ్చి ఆహుతులు తింటారని ఒప్పుకోలేదు. అయినా యజ్ఞం చేయాల్సిందేనన్నాడు. తినేవాళ్లు ఉన్నారా అన్నదీ, పెట్టాలా అన్నదీ రెండు వేరు ప్రశ్నలని మన నేల మీద ఎప్పుడో తేల్చి చెప్పారు.

బౌద్ధంలో ఈ తేడా ఇంకా గట్టిగా కనిపిస్తుంది. జపాన్‌లోని పెద్ద బౌద్ధ శాఖల్లో ఒకటైన జోదో షిన్‌షూకు మూలపురుషుడు షిన్‌రాన్ (1173-1263). తల్లిదండ్రుల మేలు కోరి తాను ఒక్కసారి కూడా బుద్ధనామం జపించలేదని ఆయన చెప్పినట్టు తన్నిషో అనే గ్రంథంలో ఉంది. ఒబోన్‌కు పెద్దలు తిరిగి వస్తారన్న మాటను ఆ శాఖ ఒప్పుకోదు, స్వాగతం పలికే మంటలు వెలిగించదు. ఆ శాఖ కుటుంబాలు కూడా ఆగస్టులో సమాధుల దగ్గరికి వెళతాయి, గుళ్లో కూడతాయి. రారని చెప్పే మతంలో ఉంటూ వెళుతున్నారంటే, వాళ్లను నడిపిస్తున్నది ఆ నమ్మకం కాదన్నమాట.

షిన్‌రాన్ తనకు గురువులుగా చెప్పుకున్న ఏడుగురిలో మొదటివాడు ఆచార్య నాగార్జునుడు. సంప్రదాయం ఆయన్ను మన కృష్ణాతీరపు శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. తిరిగి వచ్చాక ఆ శ్రీపర్వతం ఉన్న నాగార్జునకొండకు వెళ్లాను. 3వ శతాబ్దంలో అక్కడి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన ఇక్ష్వాకు రాచకుటుంబపు స్త్రీ చాంతిసిరి. పుట్టినింటిలో, మెట్టినింటిలో గడిచిపోయినవాళ్లను, ఇప్పుడున్నవాళ్లను, రాబోయేవాళ్లను తలుచుకుని ఇస్తున్నట్టు ఆమె శాసనం చెబుతుంది. శాశ్వతమైన ఆత్మ లేదని బోధించిన ధర్మానికి దానమిస్తూ ఆమె తన పెద్దలను తలుచుకుంది. ఆత్మ లేకపోవడం ఆమెకు అడ్డు రాలేదు. రెండు ఇళ్ల పెద్దలూ తనవాళ్లేనని ఒక ఆడమనిషి రాతి మీద చెక్కించుకోవడం, ఆడపిల్లకు పిండం పెట్టే హక్కు లేదనే మాటలు వింటూ పెరిగిన నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

అయితే నమ్మకంతో పనిలేదు, చేస్తే చాలన్న మాటకు ఒక భయంకరమైన చరిత్ర కూడా ఉంది. అదీ జపాన్‌దే. మెయిజీ చక్రవర్తి కాలం నుంచి ప్రభుత్వం, అక్కడి దేశీయ మతమైన షింతో గుళ్లకు మొక్కడం మతం కాదని, పౌరుల విధి అని చెబుతూ వచ్చింది. మనసులో ఏముందో అడగలేదు, తల మాత్రం వంచమంది. 1930ల్లో వలసగా ఉన్న కొరియాలో క్రైస్తవుల చేత కూడా బలవంతంగా మొక్కించారు. 1945 డిసెంబరులో జపాన్‌ను ఆక్రమించిన మిత్రసేనల ఉత్తర్వుతో గాని రాజ్యానికీ షింతోకూ ఉన్న ముడి తెగలేదు. ఆ తర్వాత కూడా, త్సు నగరంలో 1965లో ప్రజల సొమ్ముతో వ్యాయామశాలకు చేసిన భూమిపూజ మత కార్యకలాపం కిందికి రాదని 1977లో జపాన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తులు విభేదించారు. నేను ఆ ఐదుగురి వైపే. ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకునే అన్నం గిన్నె వేరు, అధికారం మన నెత్తిన పెట్టే మొక్కు వేరు.

అక్కడ అధికారం చేసిన పనిని మన దగ్గర భయం, కులం కలిసి చేశాయి. పితృదోషమని బెదిరించి ఇల్లు గుల్ల చేసే జ్యోతిష్కులున్నారు. ఎవరు పెట్టాలి, ఎవరు ముట్టకూడదు, ఎవరు గడప బయట ఉండాలి అనే జాబితాలున్నాయి. త్రిపురనేని, గోరా తిరగబడింది వీటి మీద. ఆ తిరుగుబాటు లేకపోతే నాలాంటి ఆడపిల్ల ఇంత దూరం చదువుకుని వచ్చేదే కాదు.

నేను తిరిగి వచ్చాక మొదటి సంక్రాంతికి నాయనమ్మ ఫొటో ముందు చీర పెడతానన్నాను.

"నమ్ముతున్నావా?" అన్నాడు నాన్న.

"లేదు."

"మరి దేనికి?"

జనవరి 15 త్రిపురనేని జయంతి. పండగ హడావిడిలో కూడా నాన్న ఆ సభకు వెళ్లి పటానికి దండ వేసి వస్తాడు. జవాబుగా, ఆ దండ ఎవరికని అడిగాను. "మనకే. ఆయన చేసింది మనం మరిచిపోకుండా," అన్నాడు. నాయనమ్మ పంచె పెట్టింది కూడా అందుకే కావచ్చు కదా అన్నాను. నాన్న కాసేపు ఆలోచించాడు. "కావచ్చు. కానీ దండ వెయ్యకపోతే ఇంటికి కీడని నన్నెవరూ బెదిరించలేదమ్మా," అన్నాడు. ఆ తేడాను నేను ఒప్పుకున్నాను.

తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు, అన్నిటికన్నా గట్టిది. "ఆ చీర చివరికి ఎవరికిస్తావు?" నాయనమ్మ మంచాన ఉన్న నెలల్లో ఆమెకు అన్నీ చేసిన రత్తమ్మకు ఇస్తానన్నాను. "మంచి పని. నేరుగా ఆమెకే ఇవ్వు. మధ్యలో ఫొటో దేనికి?"

జవాబు అప్పుడే తోచింది. నేరుగా ఇస్తే అది నా దానం. నాయనమ్మ ముందు పెట్టి ఇస్తే అది నాయనమ్మ ఇచ్చిన చీర. రత్తమ్మకు బాకీ పడింది నాయనమ్మ. ఆ బాకీని ఆమె పేరు మీద, ఆమె చేతి మీదుగా తీర్చే వీలు ఆ కాసేపట్లో ఉంది. పోయినవాళ్లను తినేవాళ్లుగా చూస్తే జాబాలి గెలుస్తాడు. ఇచ్చేవాళ్లుగా చూస్తే ఆయన వాదం ఆ పనిని తాకనైనా తాకదు. తాతయ్య ముందు పెట్టిన పంచెను బాబాయికి ఇచ్చిన నాయనమ్మకు ఇది ముందే తెలుసని నా నమ్మిక. ఆమె ఏటా కొడుక్కి తండ్రి చేత బట్టలు పెట్టించింది.

చీర పెట్టాను, రత్తమ్మకిచ్చాను. నాన్న గదిలోకి రాలేదు. రావాలని నేను అడగలేదు కూడా. చెయ్యనివాళ్లకు చెయ్యకుండా ఉండే స్వేచ్ఛ లేని చోట, చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తున్నారని ఎలా చెప్పగలం?

అబద్ధం గురించి ఇప్పుడు నేను చెప్పగలిగేది ఇది. అబద్ధమాడాలంటే ముందు ఏదో ఒకటి నిజమని చెప్పాలి. చీర పెట్టినప్పుడు నేను పరలోకం ఉందని చెప్పలేదు. నాయనమ్మకు నేను బాకీ ఉన్నానని, ఆమె బాకీలు కూడా నావేనని చెప్పాను. అది నిజమో కాదో నా మిగతా బతుకే తేలుస్తుంది. తల్లి మంచాన ఉంటే పలకరించని కొడుకు, తర్వాత వందమందిని పిలిచి వైభవంగా పెద్దకర్మ చేస్తే, అతని నమ్మకం ఎంత గట్టిదైనా అది అబద్ధమే. నమ్మకం లేని మనిషి నిండు మనసుతో పెట్టిన మెతుకు అబద్ధం కాదు.

దేవుడు లేడనుకునే ఇళ్లలోనూ మనుషులు పోతారు. పోయినవాళ్ల రుణం ఆ ఇళ్లలోనూ మిగులుతుంది. ఆ రుణాన్ని తలుచుకునే తేదీని, చేతితో చేసే పనిని నమ్మేవాళ్లకే వదిలేసి నాస్తికులు ఊరుకోనక్కర్లేదు. భయాన్ని తీసేయండి, బలవంతాన్ని తీసేయండి, ఎవరు పెట్టకూడదో చెప్పే జాబితాను చింపేయండి. అప్పుడు మిగిలే విస్తరి నమ్మినవాళ్లదీ, నమ్మనివాళ్లదీ కూడా.