కారణం తెలియని గుండె దడ - రెండో బాణం

రాత్రి రెండు గంటలవుతుంది. మంచి నిద్రలో ఉంటారు. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలవుతుంది. లేచి కూర్చుంటారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, తల బరువు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పెట్టి చూస్తారు. పైది 180, కిందిది 110. నాడి 130. ఇంటిల్లిపాదీ లేస్తారు. గంట గడిచాక వచ్చింది వచ్చినట్టే పోతుంది. తెల్లారి ఆస్పత్రికి పోతే బీపీ మామూలుగానే ఉంటుంది, ఈసీజీ కూడా బాగానే ఉంటుంది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు. పది రోజులకు మళ్లీ అదే రాత్రి, అదే దడ.

ఈ బాధ మీకు ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. మీకు లేకపోతే, ఉన్నవాళ్లకు చదివి వినిపించండి.

పేరు లేని జబ్బుకు పది పేర్లు

కాలు విరిగితే ఎవరూ ఏమీ అనరు. షుగర్ వచ్చిందంటే మందులు వాడమంటారు. కానీ డాక్టరు కూడా పేరు చెప్పలేని జబ్బు వచ్చిందనుకోండి, ఊరంతా తలా ఒక పేరు పెడుతుంది.

"దీక్ష తీసుకుని దేవుడి పటాలు తీసేశారు కదా, అమ్మవారికి కోపం వచ్చింది" అంటుంది ఒక పెద్దమ్మ. "పోయిన జన్మలో ఏం పాపం చేశావో" అంటాడు ఇంకొకాయన. వీళ్లు సరే. మనవాళ్లలోనే ఒకరు వచ్చి, "ధ్యానం సరిగా చేయడం లేదు నువ్వు, మనసు గట్టిగా ఉంటే ఇవన్నీ రావు" అంటారు. చూడ్డానికి ఇవి మూడు వేరు వేరు మాటలు. పని మాత్రం మూడింటిదీ ఒకటే. జబ్బుపడ్డ మనిషి నెత్తినే నేరం మోపుతాయి.

అర్ధరాత్రి గుండె అదిరిపోతుంటే, 22 ప్రతిజ్ఞలు కంఠతా వచ్చినవాళ్లకైనా మనసు ఊగుతుంది. "ఒక్క కొబ్బరికాయ కొడితే పోయేదేముంది" అనిపిస్తుంది. అలా అనిపించినందుకు సిగ్గుపడకండి. అది భయం. భయం శరీరంలో పుడుతుంది, ద్రోహం కాదు. కానీ ఆ గంటలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. తెల్లారనివ్వండి. తెల్లారాక ఏదైనా సర్కారు దవాఖానా ఓపీ లైనులో నిలబడి చుట్టూ చూడండి. చేతికి తాయత్తు కట్టుకున్నవాళ్లు, మెడలో శిలువ వేసుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, ఏటేటా బోనం ఎత్తేవాళ్లు, అందరూ ఆ లైన్లోనే ఉన్నారు. అమ్మవారి కోపం మన ఒక్క ఇంటిమీదే అయితే ఆ లైను అంత పొడుగు ఎందుకుంటుంది?

సీవకుడు అడిగిన ప్రశ్న

ఈ సందేహం కొత్తది కాదు. బుద్ధ భగవానుడు రాజగృహంలో వేణువనంలో ఉన్నప్పుడు మోలియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ వెనక చేసిన కర్మవల్లే వస్తాయని కొందరు శ్రమణులూ బ్రాహ్మణులూ చెబుతున్నారు, మీరేమంటారు అని.

బుద్ధుడు ఏమన్నాడు? బాధకు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, ఋతువు మారడం, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలే దెబ్బ, ఎనిమిదోది కర్మఫలం. ఆ కాలపు వైద్యులు వాడిన మాటల్లోనే చెప్పాడు. అన్నిటికీ పూర్వకర్మే కారణం అనేవాళ్లు, ఎవరికి వారు ఎరిగినదాన్నీ లోకం నిజమని ఎరిగినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారని, అది తప్పని తేల్చాడు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ పూర్వకర్మ వాదాన్ని గట్టిగా విమర్శించారు. పేదవాడి దుస్థితికి అతని పోయిన జన్మే కారణమంటే, ఇక రాజ్యానికీ సమాజానికీ ఏ బాధ్యతా ఉండదు కదా అని ఎత్తిచూపారు. జబ్బు విషయంలోనూ ఇది అంతే. తప్పంతా రోగి పాపానిదైతే పరీక్షలెందుకు, మందులెందుకు, ఊళ్లో ఆస్పత్రి ఎందుకు?

తెలియనిది వేరు, లేనిది వేరు

ధమ్మంలో పునాది మాట ఇది: ఏదీ కారణం లేకుండా పుట్టదు. డాక్టరు "ఏమీ కనబడలేదు" అంటే కారణం లేదని కాదు. అప్పుడు చేసిన పరీక్షలో దొరకలేదని అర్థం. దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో దడ కనబడదు. దొంగ పోయాక కాపలా కాస్తే ఏం దొరుకుతుంది?

కాబట్టి వెతకాలి. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, బీపీ, నాడి, ఎంతసేపు ఉంది, అంతకుముందు ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ మాత్ర వేసుకున్నారు, నిద్ర ఉందా, గొడవ ఏమైనా జరిగిందా, అన్నీ రాయండి. మామూలుగా బీపీ చూసుకునే పద్ధతి వేరే ఉంది. చూసే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ వద్దు. వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి.

ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతే మాట మారుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. గుండె కొట్టుకునే లయలోనే తేడా ఉండొచ్చు. అందుకు 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ అనే మిషన్ ఉంది. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి ఆడేవాళ్లకు బీపీ పెరుగుతుంది. జలుబు మాత్రలు కొన్ని, నొప్పి మాత్రలు కొన్ని బీపీ పెంచుతాయి. కొన్ని బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేసినా ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ వచ్చినా తలనొప్పి, చెమట, దడ కలిసి వస్తాయి. ఇది చాలా అరుదు, కానీ రక్తపరీక్షతోనో మూత్రపరీక్షతోనో తెలుస్తుంది. భయం జబ్బు, అంటే పానిక్, అదీ ఒక కారణమే. అది కూడా నిజమైన జబ్బే, నాటకం కాదు. దానికీ వైద్యం ఉంది.

ఎంత వెతికినా దొరకకపోతే? బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇదీ అని ఒక్క కారణం చూపించలేరు. అయినా మాత్ర పనిచేస్తుంది. ఉప్పు తగ్గిస్తే ఫలితం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు కంటే తక్కువ. ఆవకాయ, అప్పడం, ఎండుచేప అన్నీ అందులోనే లెక్క. మత్తు ముట్టనన్న ఐదో శీలం గుండెకు కూడా కాపలా కాస్తుంది.

ఒక్కటి మరిచిపోకండి. బీపీ 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యీ కాలూ పడిపోవడం, చూపు మసకబారడం ఉంటే నోటుబుక్కు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. దడతో కళ్లు తిరిగి పడిపోయినా అంతే. మిషన్ లేకపోయినా ఈ గుర్తులు చాలు.

రెండో బాణం

ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి. వెంటనే ఇంకో బాణం తగిలింది. ఇప్పుడు రెండు నొప్పులు. ధమ్మం ఎరగనివాడికి శరీరపు బాధ వచ్చినప్పుడు మనసు కూడా ఏడ్చి గుండెలు బాదుకుని రెండో బాణం తెచ్చుకుంటుంది, ఎరిగినవాడు మొదటి బాణంతోనే ఆగుతాడు అని బుద్ధుడు బోధించాడు.

మన దడ విషయంలో ఇది అక్షరాలా జరుగుతుంది. దడ వచ్చింది, ఇది మొదటి బాణం. "చచ్చిపోతున్నాను, పిల్లలేమైపోతారు, ఇది శాపమేమో" అన్న తలపు రెండో బాణం. ఆ తలపుతో ఒంట్లో అడ్రినలిన్ ఇంకా ఊరుతుంది. గుండె ఇంకా పరుగెత్తుతుంది. బీపీ ఇంకా లేస్తుంది.

మొదటిది మన చేతుల్లో లేదు. రెండోదాన్ని కొంతైనా ఆపగలం. దడ రాగానే కూర్చోండి. బండి మీద ఉంటే పక్కకు ఆపండి. అరికాళ్లు నేలకు ఆనించండి. ఊపిరి మెల్లగా తీసుకుని, అంతకన్నా మెల్లగా వదలండి. "గుండె వేగంగా కొట్టుకుంటోంది" అని ఉన్నది ఉన్నట్టు గమనించండి. దానికి కథ అల్లకండి. డాక్టరు చెప్పని మాత్ర వేసుకోకండి. ఇలా చేస్తే దడ వెంటనే మాయమవుతుందని నేను చెప్పను. భయం దాని మీద స్వారీ చేయకుండా ఉంటుంది, అంతే. ధ్యానం మాత్రకు బదులు కాదు. మాత్ర వేసుకునే ధ్యానం చేయండి.

బుద్ధుడు కూడా జీవకుడి మందు తీసుకున్నాడు. నడుము నొప్పి పెట్టినప్పుడు ఉపదేశం కొనసాగించమని శిష్యులకు చెప్పి పడుకున్నాడు. బాబాసాహెబ్ ఎన్నో ఏళ్లు షుగర్‌తో, బీపీతో బతికారు. 1948లో ఆయన్ను పెళ్లాడిన సవితా మాయి స్వయంగా డాక్టరు, ఆయనకు వైద్యం చూశారు. ఆ శరీరంతోనే ధమ్మ గ్రంథం రాశారు. ఆ శరీరంతోనే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకుని లక్షలమందికి ఇచ్చారు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందారు. ఆయన మనసు బలహీనమని ఎవరైనా అనగలరా? జబ్బు రావడం ఓటమి కాదు.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. విరేచనాలతో పడివున్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగాడు. నీకెందుకు వచ్చిందని విచారణ పెట్టలేదు. మీ అమ్మో, అక్కో, ఆయనో రాత్రి లేచి కూర్చుంటే కారణాలు అడగకండి. పక్కన కూర్చోండి. మిషన్ తెచ్చి బీపీ చూసి పుస్తకంలో రాయండి. "నేనున్నాను" అనండి. తెల్లారాక ఆస్పత్రికి తోడు వెళ్లండి. ఆ ఇంటికి అదే బుద్ధ వందన.

నమో బుద్ధాయ! జై భీమ్!