కడుపులో బిడ్డ, అయస్కాంతం, ఒక సంతకం

గ్రహణం రోజున హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో చాలా ఇళ్లలో కడుపుతో ఉన్న పిల్లను గుమ్మం దాటనివ్వరు. హిందువుల ఇల్లైనా, ముస్లింల ఇల్లైనా పెద్దవాళ్ల మాట ఒకటే: కత్తి పట్టొద్దు, సూది ముట్టొద్దు, కదలకుండా పడుకో. లేకపోతే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందట. ఇస్లాం గ్రహణానికి చెప్పింది నమాజే, ఈ నియమాలు కావు. అయినా ఒకే గల్లీలో బతికేవాళ్లకు భయాలు కూడా ఉమ్మడివే. అలాంటి ఇంట్లోని పిల్లకు ఏడో నెలలో డాక్టరు ఎంఆర్‌ఐ రాస్తే అందరూ మళ్లీ తర్జనభర్జన పడతారు. కంటికి కనిపించనిదేదో బిడ్డకు తగిలితే?

దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం సబబు కాదు. ఎక్స్‌రే విషయంలో ఇలాంటి భయమే నిజమైంది. గర్భంలో ఉండగా ఎక్స్‌రే పడిన పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని ఇంగ్లండ్‌లో అలిస్ స్టీవర్ట్ 1956లో బయటపెట్టారు. ఎంఆర్‌ఐలో ఆ కిరణాలు ఉండవు, అయస్కాంతం, రేడియో తరంగాలే పనిచేస్తాయి. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. అంకె వింటే గుండె గుభేలుమంటుంది. కానీ కెనడాలోని ఒంటారియోలో 14 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో ఎంఆర్‌ఐ తీయించుకున్న తల్లుల బిడ్డలకు అదనపు హాని కనబడలేదు. బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే గడోలినియం ఇంజెక్షన్ ఇచ్చిన చోట మాత్రం చనిపోయి పుట్టిన, పుట్టిన కొద్ది రోజులకే పోయిన బిడ్డలు ఎక్కువగా ఉన్నారు. అందుకే గర్భిణులకు ఆ మందు తప్పనిసరైతే తప్ప ఎక్కించరు.

అయితే హాని కనబడలేదంటే, లేదనే అనుకోవచ్చా? ఈ చిక్కులో హైదరాబాద్ ఒకసారి పడింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి నిజాం ప్రభుత్వ సాయంతో, మత్తుమందు క్లోరోఫాం ప్రమాదకరమా కాదా తేల్చే కమిషన్లు నడిపారు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు జరిగాయి. రోగి ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే పరిశోధకుడు అది తప్పని చూపించాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. లారీ బృందం కష్టానికి వంక పెట్టలేం. తమ ప్రయోగాలకు అందనిది ఉండవచ్చని ఒప్పుకోకపోవడమే వాళ్ల లోపం. ఎంఆర్‌ఐ విషయంలో రేడియాలజిస్టులు అంత ధీమాగా మాట్లాడరు. అవసరమైతేనే తీయండి, మందు లేకుండా తీయండి అంటారు.

ఆ అవసరం తెలంగాణలో ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. తర్వాతి కాన్పులో మాయ ఆ పాత కోత మచ్చలోకి పాతుకుపోయే ప్రమాదం ఉంది. అల్ట్రాసౌండ్‌లో తేలకపోతే ఎంఆర్‌ఐ తీస్తారు. ముందే తెలిస్తే రక్తం, సర్జన్లు సిద్ధంగా ఉంటారు. తెలియకపోతే టేబుల్ మీదే తల్లి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి వద్దనడం కూడా ఒక పని చేయడమే. చేయకపోవడంలోనూ కర్మ ఉంటుందన్న చర్చ గీత నాలుగో అధ్యాయంలో ఉంది. జరూరత్ ముందు నిషేధం సడలుతుందని, రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకోవాలని ఇస్లామీ ధర్మశాస్త్రం కూడా చెబుతుంది.

ఆచారమూ దారి ఇస్తుంది. ఎంఆర్‌ఐ గదిలోకి లోహం వద్దని మంగళసూత్రం తీయమంటే, మెడ బోసిగా ఉండకుండా పసుపుకొమ్ము కట్టిన దారం ముందు వేసి, ఆ తర్వాత తీస్తారు. లోహపు గొట్టంలోని తావీజును అమ్మ చేతికిచ్చి లోపలికి వెళతారు. నెలలు నిండుతున్న మనిషిని కాస్త ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టి, మోత వినబడకుండా చెవులు మూస్తారు.

ఇక బిడ్డ తరఫున ఎవరు ఒప్పుకోవాలి? చాలాచోట్ల ఒప్పుకోలు కాగితం ముందు భర్త చేతికో, అత్తగారి చేతికో వెళుతుంది. సమీరా కోహ్లీ కేసులో రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని, తల్లి ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. ఎంఆర్‌ఐ కాగితం మీద అత్తగారి సంతకానికి అంతకన్నా ఎక్కువ బలమేమీ లేదు.