ఎవరి తరపున?

నిరుడు ఆదిలాబాద్ వైపు ఒక ఆసుపత్రిలో సిబ్బందికి ఆదివాసీ సంస్కృతి గురించి చెప్పమని నన్ను పిలిచారు. గోండుల మౌఖిక కథల మీద పిహెచ్‌.డి. చేశానన్నదే నా అర్హత. గంటసేపు మాట్లాడాను. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క ఆదివాసీ ఒక గోండు నర్సు. చివరి వరుసలో కూర్చుంది. మధ్యలో వార్డు నుంచి కబురొచ్చింది. ఒక కొలాం బాలింతకు ఏదో చెప్పాలట. "మీ భాషే కదా" అంటూ ఆమెను పంపించారు. గోండి, కొలామి వేర్వేరు భాషలని నేను అప్పుడే చెప్పి ఉన్నాను. విని తలూపినవాళ్లే పంపించారు.

తిరిగొచ్చాక ఆమె అన్నది: "ఆమెకు గోండి కొంచెం వస్తది కాబట్టి నడిచింది మేడం. వీళ్లకు మేమంతా ఒక్కటే."

మాది మంథని. వేదపండితుల ఊరని పేరు. తూర్పున మహదేవపూర్ అడవుల నుంచి నాయకపోడు స్త్రీలు తేనె తెచ్చేవాళ్లు. మా నాయనమ్మకు వాళ్ల పండుగలన్నీ తెలుసు. నీళ్లు మాత్రం గుమ్మం బయటే, దోసిట్లో పోసేది. తెలియడం వేరు, గుమ్మం దాటనివ్వడం వేరు. నా ఉపన్యాసం ఈ రెంటిలో ఏది?

న్యూజిలాండ్‌లో మావోరి నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ ఈ ప్రశ్నను తిరగేసింది. రోగి సంస్కృతిని నర్సు బట్టీపట్టడం కాదు, తన అధికారాన్ని తాను తరచి చూసుకోవాలంది. వైద్యం భద్రంగా అనిపించిందో లేదో చెప్పాల్సింది దాన్ని పొందినవాళ్లేనంది. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఈ ఆలోచనను చదువులో భాగం చేసింది.

మనకూ అనుభవం లేకపోలేదు. 1940లలో మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండు యువకులు ఉపాధ్యాయులుగా శిక్షణ పొందారు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో మూడో నంబరు జీవో వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూరు శాతం చెల్లదన్నది న్యాయస్థానం మాట. కానీ వార్డుకొకరు కూడా లేనిచోట మనం ఏ శాతం గురించి వాదించుకుంటున్నాం?

ఆదివాసీల గురించి ఆదివాసీలే మాట్లాడాలా? అలాగైతే నా పరిశోధనకు చోటులేదు. కానీ మన గురించి మగవాళ్లు రాసిందాన్ని ప్రశ్నించే కదా మనం ఇంతదూరం వచ్చాం. ఆ కొలత నాకు వర్తించదా?

ఈ ఏడు మళ్లీ పిలిచారు. నాకు బదులు ఆ నర్సు మాట్లాడితే బాగుంటుందని ఆమెకే ఫోన్ చేశాను. గొప్ప త్యాగం చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె నవ్వింది.

"డ్యూటీ నేనే, భాష చెప్పేది నేనే, ఇప్పుడు ఉపన్యాసం కూడా నేనేనా మేడం? పోయి మీరే మాట్లాడుండ్రి. మాటలైనంక ఇంకో ఇద్దరు మావోళ్లను నౌకర్ల పెట్టమనుండ్రి. ఒకామె కొలామి తెలిసినామె కావాలె."

వెళ్తున్నాను. ఈసారి ఉపన్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.