రుద్రదేవ మహారాజు

కాకతీయ గణపతిదేవునికి కొడుకులు లేరు. అందుకని కూతురు రుద్రమకు యుద్ధవిద్యలు నేర్పించి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని రాశారు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే ఓడించి తరిమింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణం గురించి చెబుతుంది. ఈ పాఠం చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. కానీ అంత యుద్ధం చేసిన మనిషికి మగపేరు ఎందుకు?

మా కామాటిపురా చాల్‌లో పొద్దున్నే నల్లా వస్తుంది. నీళ్లు పట్టేది నేనే, తమ్ముడు పడుకునే ఉంటాడు. రెండు బిందెలతో మూడో అంతస్తు ఎక్కుతుంటే పక్కింటి తాత "ఇది ఆడపిల్ల కాదు, మగపిల్లాడు!" అంటాడు. మెచ్చుకోవడమే అనుకోండి. కానీ మా ఇంట్లో మగపిల్లాడు బిందె ముట్టుకోడు కదా! అదే నేను కబడ్డీకి పేరిస్తే వెంటనే ఆడపిల్లని అయిపోయాను. "ఫాక్‌లాండ్ రోడ్ దాటి ఒక్కదానివే ఎట్లా పోతావు?" అన్నాడు నాన్న. ఆయన భయం నాకు తెలుసు, అది తప్పు అనను. అయితే తొమ్మిదేళ్ల తమ్ముడు ఆ రోడ్డు మీదే రోజూ ఒక్కడే పోతాడు.

"రుద్రమకు తమ్ముడు ఉంటే ఆమెకు కత్తి ఇచ్చేవారా నాన్నా?" అని అడిగాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, తమ్ముణ్ణి తోడు తీసుకుపో" అన్నాడు. ఆదివారం ఇద్దరం పోతున్నాం.